బస్తీలో ఉచిత న్యాయ సహాయ కేంద్రం నడపడం ఎలా? న్యాయ కళాశాలలకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ న్యాయ కళాశాలల అధ్యాపకులు, చివరి సంవత్సరం విద్యార్థులు నన్ను తరచు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ‘బస్తీలో శిబిరం పెడుతున్నాం, జనం వస్తున్నారు. ఆ తర్వాత వాళ్ల సమస్య ఏమైందో మాకే తెలియడం లేదు. దీన్ని సరిగ్గా నడపడం ఎలా?’

విద్యార్థులను వెంటబెట్టుకుని ఏళ్ల తరబడి బస్తీలు తిరిగిన అనుభవంతో ఈ వరస రాస్తున్నాను. శిబిరం ఒక్క పూట పని. దానికి ముందు ఆరు వారాలు, తర్వాత కనీసం ఆరు నెలలు పని ఉంటుంది. ఆ ఆరు నెలలకు మనుషులు లేకపోతే శిబిరం పెట్టకండి. ఆశ పెట్టి తిరిగి రాని వాళ్లను బస్తీ చాలామందిని చూసింది.

1. అనుమతులు, అండ

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్య నియమాల ప్రకారం ప్రతి న్యాయ కళాశాలలో లీగల్ ఎయిడ్ క్లినిక్, అంటే ఉచిత న్యాయ సహాయ కేంద్రం, ఉండాలి. సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలో చివరి సంవత్సరం విద్యార్థులు దాన్ని నడపాలి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనూ కళాశాలల క్లినిక్‌ల ప్రస్తావన ఉంది. కాబట్టి ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థకు ఉత్తరం రాసేటప్పుడు సంకోచం అక్కర్లేదు.

ఉత్తరం ఎవరికి రాయాలన్నదే అసలు చిక్కు. నగరం ఒకటే అయినా జిల్లాలు వేరు. హైదరాబాద్ జిల్లాలో సివిల్ కోర్టుల వైపు సంస్థ పురానీ హవేలీలో, క్రిమినల్ కోర్టుల వైపు సంస్థ నాంపల్లిలో పనిచేస్తాయి. ఎల్బీనగర్, రాజేంద్రనగర్ రంగారెడ్డి జిల్లా కిందికి, ఉప్పల్, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కిందికి వస్తాయి. మీ బస్తీ ఏ జిల్లాలో ఉందో, ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉందో ముందే రాసిపెట్టుకోండి. తప్పు కోర్టుకు పంపితే ఆ మనిషికి ఒక రోజు కూలి పోతుంది.

ఉత్తరంలో మూడే అడగండి:

- శిబిరం రోజున ఒక ప్యానెల్ న్యాయవాది (ఆ సంస్థ జాబితాలో ఉన్న న్యాయవాది)
- ఆ ప్రాంతానికి చెందిన ఒక పారా లీగల్ వాలంటీరు (న్యాయ సహాయంలో తోడ్పడే కార్యకర్త)
- ఉచిత న్యాయవాది కోసం వచ్చే దరఖాస్తులను తర్వాత ఎవరికి అందజేయాలో ఆ అధికారి హోదా, వేళలు

మూడోది చాలామంది అడగరు. అది లేకపోతే మీరు తీసుకున్న దరఖాస్తులు కళాశాల బీరువాలోనే ఉండిపోతాయి.

2. బస్తీని ఎంచుకోవడం

ఏడాదికి ఒక్క బస్తీ చాలు. కళాశాలకు ఒక్క బస్సులో చేరుకోగలిగినంత దూరంలో ఉండాలి. దూరమైతే మొదటి నెల ఉత్సాహం రెండో నెల ఉండదు.

శిబిరానికి ముందు రెండుసార్లు వెళ్లండి, నలుగురికి మించకుండా, బ్యానరు లేకుండా. అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను, బస్తీ దవాఖానా సిబ్బందిని, మూల మీది కిరాణా దుకాణం యజమానిని కలవండి. ఎవరింట్లో ఏ గొడవ ఉందని అడగవద్దు. ‘ఇక్కడివాళ్లు ఏ ఆఫీసు చుట్టూ ఎక్కువగా తిరుగుతున్నారు?’ అని అడగండి. శిబిరంలో ఏ విషయాలకు సిద్ధపడాలో ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

తేదీ పెట్టేముందు తప్పనిసరిగా తెలుసుకోవాల్సినవి:

- నల్లా నీళ్లు ఏ రోజు, ఏ వేళకు వస్తాయి
- ఇళ్లలో పనికి వెళ్లే మహిళలు ఎన్నింటికి తిరిగి వస్తారు
- శుక్రవారం నమాజు, ఆదివారం ప్రార్థన వేళలు, రంజాన్ నెల, ఆ వీధి బోనాల తేదీ
- కమ్యూనిటీ హాలు తాళం ఎవరి దగ్గర ఉంటుంది

మొదటిసారి మేము ఒక ఆదివారం ఉదయం పదింటికి శిబిరం పెట్టాం. గంటన్నర గడిచినా పట్టుమని పదిమంది రాలేదు. ఆ వీధికి రోజు విడిచి రోజు నీళ్లు వస్తాయని, ఆ రోజే నీళ్ల రోజని తర్వాత తెలిసింది. బిందెలు వరసలో పెట్టుకున్న మనిషి చట్టం వినడానికి ఎలా వస్తుంది? చాలా బస్తీలలో మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు మంచి వేళ.

3. విద్యార్థుల తయారీ

సమయమంతా ఇక్కడ పెట్టండి. కనీసం నాలుగు తరగతులు కావాలి.

మొదటిది హద్దులు. 1961 నాటి న్యాయవాదుల చట్టం ప్రకారం న్యాయవాదిగా నమోదైన వారే వృత్తి చేయగలరు. విద్యార్థి వినవచ్చు, కాగితాలు చూడవచ్చు, అర్జీ రాయడంలో సాయపడవచ్చు, సరైన చోటికి తోడు వెళ్లవచ్చు. వకాలత్నామా (కక్షిదారు తరఫున వాదించే అధికార పత్రం) వేయడం, కోర్టులో వాదించడం, తన పేరుతో లీగల్ నోటీసు ఇవ్వడం కుదరదు. ఏ సలహా అయినా ప్యానెల్ న్యాయవాది గాని పర్యవేక్షించే అధ్యాపకులు గాని చూసిన తర్వాతే చెప్పాలి.

రెండోది వినడం. ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టండి. ఒకరు ఐదు నిమిషాలు తమ ఇంటి సమస్య చెప్పాలి, రెండోవారు కలం ముట్టుకోకుండా వినాలి. తర్వాత ‘మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది’ అంటూ తిరిగి చెప్పాలి. మొదటిసారి దాదాపు అందరూ ఏదో ఒక ముఖ్యమైన తేదీ వదిలేస్తారు. మూడోసారికి కుదురుతుంది.

మూడోది మాట. ఇంగ్లిషులో చదివిన చట్టం నోట తెలుగులో రావాలి. మెయింటెనెన్స్ అంటే భరణమనీ, సక్సెషన్ అంటే వారసత్వమనీ తడుముకోకుండా అనగలగాలి. అంతకన్నా ముఖ్యం, బస్తీలో వినిపించే మాటకు చట్టంలో అర్థం ఏమిటో పట్టుకోవడం:

- ‘కేసు పెట్టాను’ అంటారు. చాలాసార్లు స్టేషన్‌లో కాగితం ఇచ్చి వచ్చి ఉంటారు, అంతే. ఎఫ్‌ఐఆర్ నంబరు ఉందా, దాని ప్రతి చేతికి వచ్చిందా అని అడగండి.
- ‘నోటీసు వచ్చింది’ అంటారు. అది బ్యాంకు ఉత్తరం కావచ్చు, న్యాయవాది నోటీసు కావచ్చు, కోర్టు సమను (హాజరు కావాలన్న ఆదేశం) కావచ్చు. మూడింటికీ గడువులు వేరు. చూడకుండా మాట్లాడవద్దు.
- ‘స్టే ఉంది’ అంటారు. ఉత్తర్వు ప్రతి చూసేదాకా ఉందనుకోకండి.
- ‘ఇల్లు నా పేరు మీదే ఉంది’ అంటారు. కరెంటు బిల్లు కావచ్చు, ఇంటిపన్ను రసీదు కావచ్చు, నోటరీ కాగితం కావచ్చు. వీటిలో ఏదీ రిజిస్టరు చేసిన దస్తావేజుతో సమానం కాదు.

చివరి మాట చెప్పడం చాలా కష్టం. నోటరీ కాగితం మీద జీవితకాలపు సంపాదన పెట్టిన కుటుంబాలు ఈ నగరంలో లెక్కలేనన్ని ఉన్నాయి. ‘మీ కాగితం చెల్లదు’ అని విద్యార్థి తేల్చి చెప్పి లేచి వచ్చేయకూడదు. దాన్ని ప్యానెల్ న్యాయవాదికే అప్పగించాలి.

నాలుగోది భాష. ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లు జట్టుకొకరైనా ఉండాలి. మహిళా విద్యార్థులు సగానికి తగ్గకూడదు. పెద్దవాళ్లను అమ్మా, అన్నా, తాతా అని పిలవడం, వాళ్లు నిలబడి ఉంటే మనం కూర్చోకపోవడం కూడా ఈ తరగతిలోనే నేర్పండి.

4. సంచిలో ఉండాల్సినవి

- ఉచిత న్యాయ సహాయం దరఖాస్తు ఫారాలు
- తెల్ల కాగితాలు, కార్బన్ కాగితాలు, రాసుకునే అట్టలు
- స్టాంపు ప్యాడ్, వేలిముద్ర తుడుచుకోవడానికి గుడ్డ
- అతుకులు లేని ఒకే బౌండు రిజిస్టరు
- అందరికీ పంచడానికి ఫోను నంబర్ల చీటీలు (తెలుగు, ఉర్దూ)
- ప్లాస్టిక్ ఫోల్డర్లు, కనీసం యాభై
- తాగునీళ్లు, పిల్లలకు బిస్కెట్లు, పెద్దలకు కుర్చీలు

ఫోల్డర్లు ఎందుకో ఆరో అంచెలో చెబుతాను. మైకు, దండలు, జ్ఞాపికలు అక్కర్లేదు. ఉపన్యాసాలకు పదిహేను నిమిషాలు మించి ఇవ్వకండి.

5. శిబిరం రోజు వరస

మూడు బల్లలు వేయండి.

మొదటి బల్ల నమోదుది. పేరు, వీధి, ఫోను, ఒక్క వాక్యంలో సమస్య. కులం, ఆదాయం అందరిముందూ అడగవద్దు. ఉచిత న్యాయవాదికి అర్హత చూడాల్సి వచ్చినప్పుడే, మూడో బల్ల దగ్గర, మెల్లగా అడగాలి.

రెండో బల్ల కాగితాలది. ఆలస్యమంతా ఇక్కడే జరుగుతుంది, కనుక ఎక్కువమందిని ఇక్కడ పెట్టండి.

మూడో బల్ల న్యాయవాదిది. కాగితాలు వరసలో పెట్టి, తేదీలతో అర పేజీ చీటీ రాసి, దానితో పాటే మనిషిని ఇక్కడికి పంపాలి. అలా చేస్తే అరగంట పట్టే మాట పది నిమిషాల్లో ముగుస్తుంది.

ఇవి కాక, కాస్త దూరంగా తలుపున్న ఒక గది కావాలి. గృహహింస, పిల్లల మీద వేధింపుల వంటివి అక్కడే వినాలి. వచ్చిన మహిళ వెనకే భర్త గాని అత్తగారు గాని వస్తే, వాళ్లను వేరే విద్యార్థి వేరే బల్ల దగ్గర మాటల్లో పెట్టాలి. ఈ పాత్ర ఎవరిదో ముందే నిర్ణయించుకోండి.

అర్హత గురించి విద్యార్థులు పొరబడే సంగతి ఒకటుంది. ఉచిత న్యాయ సేవలకు మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు తదితరులు న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ కింద నేరుగా అర్హులు. ఆదాయ పరిమితి చూడాల్సింది ఈ కోవల్లోకి రాని వారికే. ఆదాయ ధ్రువపత్రం తెమ్మని ఒక మహిళను వెనక్కి పంపడం పెద్ద తప్పు.

6. కాగితాల బల్ల దగ్గర

ఒకసారి ఒక పెద్దావిడ మందుల దుకాణం క్యారీబ్యాగులో కాగితాలు తెచ్చింది. భర్త పోయి రెండేళ్లు. వితంతు పింఛనుకు మూడుసార్లు పెట్టుకుంది, రాలేదు. ఎవరో కేసు వేయమన్నారట. ఎదురుగా కూర్చున్న విద్యార్థిని రిట్ పిటిషన్ (ప్రభుత్వ శాఖ మీద హైకోర్టులో వేసే కేసు) గురించి చెప్పబోయింది. ఆగమని, ముందు సంచి బల్ల మీద బోర్లించమన్నాను.

కరెంటు బిల్లులు, మందుల చీటీలు, పెళ్లిపత్రిక, నాలుగు మడతలు పడి మడతల దగ్గర చిరిగిపోతున్న మరణ ధ్రువపత్రం. అన్నింటినీ తేదీల వరసలో పరిచాం. ఆధార్‌లో భర్త పేరు యాదయ్య. మరణ ధ్రువపత్రంలో యాదగిరి. ఆసుపత్రిలో చేర్చినప్పుడు పక్కింటి కుర్రాడు చెప్పిన పేరు అలా నమోదైపోయింది. ఆమె చదువుకోలేదు. రెండేళ్లుగా ఆ కాగితం పట్టుకుని తిరుగుతున్నా, రెండు పేర్లు వేరని ఏ కౌంటరులోనూ ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ఆమెకు కావలసింది కేసు కాదు, పేరు సవరణ. నగరపాలక సంస్థ సర్కిల్ కార్యాలయంలో జనన మరణాల రిజిస్ట్రారుకు అర్జీ రాశాం, పాత ఆధారాలు జతపరిచాం. సవరణ అయ్యాక పింఛనుకు మళ్లీ పెట్టించాం. దానికి ఐదు నెలలు పట్టింది, ఒక విద్యార్థి ఆమెకు తోడుగా ఏడుసార్లు వెళ్లాడు.

ఈ బల్ల దగ్గర చేయాల్సింది ఇదే వరసలో చేయండి:

1. సంచిలోని కాగితాలన్నీ బయటికి తీయించండి. అవసరం లేనివని వాళ్లనుకున్నవి కూడా.
2. తేదీల వరసలో పేర్చండి.
3. అన్నింటిలోనూ పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు ఒకటేనా చూడండి.
4. దగ్గరపడిన గడువు ఏదైనా ఉందా చూడండి.
5. అసలు కాగితాలను ఫోల్డరులో పెట్టి, అక్కడికక్కడే తిరిగి వాళ్ల చేతికే ఇవ్వండి.

ఐదోది ఎన్నటికీ తప్పకూడదు. అసలు కాగితాలు ఒక్క రాత్రి కూడా మన దగ్గర ఉండకూడదు. ఆధార్ జిరాక్స్ మనకు అక్కర్లేదు, తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే రాసుకోండి.

గడువుల్లో ఇవి విద్యార్థికి కంఠస్థం కావాలి: వినియోగదారుల ఫిర్యాదుకు 2 ఏళ్లు; చెక్కు బౌన్సయితే బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోపు నోటీసు; సమాచార హక్కు అర్జీకి జవాబు 30 రోజులు, రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు; ఇంట్లో జరిగిన మరణం నమోదుకు 21 రోజులు.

7. అర్జీ రాయడం

ఒక పేజీ దాటకూడదు. తెలుగులోనే రాయండి. అర్జీదారుకు చదివి వినిపించినప్పుడు ‘అవును, నేను చెప్పింది ఇదే’ అనాలి. సెక్షన్లు గుప్పించిన అర్జీ చూసి కౌంటరులోని ఉద్యోగి ‘ఎవరు రాయించారు?’ అని అడుగుతారు, మాట అక్కడే పక్కదారి పడుతుంది.

వరస ఇది:

- ఎవరికి: అధికారి హోదా, కార్యాలయం
- ఎవరు: పేరు, చిరునామా, ఫోను
- విషయం: ఒక్క వాక్యం
- జరిగింది: తేదీలతో, ఐదారు వాక్యాలు
- కోరేది: ఒక్కటే, స్పష్టంగా
- జతపరిచినవి: అంకెలు వేసి

‘నాకు న్యాయం చేయగలరు’ అని ముగించవద్దు. ‘నా భర్త మరణ ధ్రువపత్రంలో యాదగిరి అన్న పేరును యాదయ్యగా సవరించగలరు’ అని రాస్తే ఆ ఉద్యోగికి తన పని ఏమిటో తెలుస్తుంది.

రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర, ఇన్‌వర్డు నంబరు (అర్జీ అందినట్టు కార్యాలయం వేసే సంఖ్య) వేయించుకోవాలి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోవాలి.

8. ఎవరిని ఎక్కడికి పంపాలి

ఇది చీటీగా అచ్చువేసి ప్రతి విద్యార్థి జేబులో పెట్టండి.

- ఉచిత న్యాయ సహాయం: 15100
- మహిళలు: 181, సఖి కేంద్రం, భరోసా కేంద్రం (హింసకు గురైన మహిళలకు సాయం చేసేవి)
- పిల్లలు: 1098
- ఆన్‌లైన్ మోసం, బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పోవడం: 1930, ఆ క్షణమే
- వృద్ధులు: 14567, పిల్లలు పోషించకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్
- వినియోగదారులు: 1915
- కూలి ఎగవేత: కార్మిక శాఖ సహాయ కార్మిక అధికారి
- ఏ శాఖదో తేలని సమస్య: సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదంటే, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ గుర్తుంచుకోండి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఎక్కడైనా సమాచారం ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. నిరాకరిస్తే నగరంలో డీసీపీకి రాతపూర్వకంగా పంపవచ్చు. గుర్తు తెలియని వాహనం ఢీకొని మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయల పరిహారం ఉందని బస్తీలో దాదాపు ఎవరికీ తెలియదు. లేబర్ అడ్డాల దగ్గర ఇది ప్రత్యేకంగా చెప్పండి.

రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్‌కు పంపేముందు ఒక మాట తప్పక చెప్పాలి. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, పని త్వరగా తేలుతుంది. కానీ రాజీ అవార్డు (అక్కడి తీర్పు) మీద అప్పీలు లేదు. సంతకానికి ముందే ఇది అర్థమై ఉండాలి.

9. రిజిస్టరు, వెంట తిరగడం

క్లినిక్ ప్రాణం రిజిస్టరులో ఉంది. ప్రతి సమస్యకు ఒక పేజీ. గడులు ఇవి: వరస సంఖ్య, తేదీ, సమస్య, ఇచ్చిన సలహా, చూసిన న్యాయవాది, అర్జీ ఎక్కడ ఇచ్చాం, ఇన్‌వర్డు నంబరు, తర్వాతి తేదీ, బాధ్యుడైన విద్యార్థి.

‘తర్వాతి తేదీ’ గడి ఖాళీగా ఉన్న పేజీ ఒక్కటి కూడా ఉండకూడదు. ప్రతి రెండో శనివారం అదే బస్తీలో, అదే వేళకు, ఇద్దరు విద్యార్థులు అంగన్‌వాడీ దగ్గర కూర్చోవాలి. చెప్పడానికి కొత్త సంగతి లేకపోయినా వెళ్లాలి. ‘మీ అర్జీ ఇంకా అక్కడే ఉంది, సోమవారం మళ్లీ అడుగుతాం’ అనడం కూడా ఒక జవాబే.

ఒక విద్యార్థికి నాలుగు పేజీలకు మించి ఇవ్వకండి. పరీక్షల నెలలో ఎవరు ఎవరి పేజీలు చూస్తారో ముందే రాసిపెట్టండి.

10. తరచు జరిగే తప్పులు, సవరణలు

ఫొటోలు. మా బృందంలో ఒకరు శిబిరం ఫొటో ఫోనులో అందరికీ పంపారు. వెనక వరసలో, భర్త మీద ఫిర్యాదు చేయడానికి వచ్చిన ఒక మహిళ ఉంది. ఆ సాయంత్రానికే ఇంట్లో తెలిసిపోయింది. ఆమె మళ్లీ మా దగ్గరికి రాలేదు. తప్పు పూర్తిగా మాది. అప్పటినుంచి ఖాళీ హాలు ఫొటో తప్ప ఏదీ తీయడం లేదు. నివేదికకు అదే సరిపోతుంది.

హామీలు. ‘తప్పకుండా వస్తుంది’ అన్న మాట విద్యార్థి నోట రాకూడదు. ‘అర్జీ ఇస్తాం, జవాబు వచ్చేదాకా అడుగుతాం’ అనాలి.

రాజకీయ నాయకులు. స్థానిక నాయకులకు ముందుగా తెలియజేయండి. వేదిక మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. కూర్చోబెడితే ఎదుటి పక్షం ఇళ్లవాళ్లు రారు.

డబ్బు. విద్యార్థి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. టీ డబ్బులైనా సరే. జిరాక్స్, పోస్టు ఖర్చులు కళాశాల భరించాలి, లెక్క రిజిస్టరు చివర ఉండాలి.

భార్యాభర్తల మధ్య రాజీ. విద్యార్థులు ఉత్సాహంగా దిగే పని ఇది. కొట్టడం, బెదిరించడం ఉన్నచోట రాజీ మాట ఎత్తకూడదు. గృహహింస చట్టం కింద రక్షణాధికారికి చెప్పడమే మొదటి అడుగు.

11. తర్వాతి బ్యాచ్‌కు అప్పగించడం

చివరి సంవత్సరం వాళ్లు వెళ్లిపోయే వేసవిలో క్లినిక్‌లు మూతపడతాయి. ఫిబ్రవరిలోనే కింది సంవత్సరం వాళ్లను జతచేయండి. తెరిచి ఉన్న ప్రతి పేజీకి పాత విద్యార్థి, కొత్త విద్యార్థి కలిసి ఒకసారి ఆ ఇంటికి వెళ్లాలి. ‘అమ్మా, ఇకనుంచి ఈమె వస్తుంది’ అని ఎదురుగా చెప్పి, పేజీలో పేరు మార్చాలి.

అప్పగింత రోజు చూసుకోవాల్సినవి:

- తెరిచి ఉన్న పేజీలెన్ని, వాటిలో నెలలోపు గడువు ఉన్నవెన్ని
- న్యాయవాదికి అప్పగించిన కేసుల నంబర్లు, వాయిదా తేదీలు
- ఇన్‌వర్డు నంబరున్న అర్జీ ప్రతులు ఏ ఫైలులో ఉన్నాయి
- బస్తీలో పంచిన చీటీల మీద ఉన్నది ఎవరి ఫోను నంబరు

చివరిదానికి జవాబు ఒక విద్యార్థి సొంత నంబరైతే వెంటనే మార్చండి. క్లినిక్ పేరుతో ఒక సిమ్ కార్డు, మామూలు ఫోను కొని అధ్యాపకుల గదిలో పెట్టండి. నంబరు ఏళ్ల తరబడి అదే ఉండాలి. ఆ ఫోను మోగినప్పుడు ఎత్తే మనిషి పేరు, రోజువారీ వంతులు రిజిస్టరు మొదటి పేజీలో అతికించి ఉంచండి.